గురి తప్పితే తప్పు మనిషిదా.. పిడిదా? పిస్టల్ గ్రిప్ వెనక అసలు లెక్క ఇదీ!

శ్రీకాకుళం, విజయనగరం సహా ఏజెన్సీ ప్రాంతాల ఎస్టీ అమ్మాయిలకు పోలీసు ఉద్యోగాల్లో చిన్న సడలింపు ఉంది. మిగతా మహిళా అభ్యర్థుల ఎత్తు కనీసం 152.5 సెంటీమీటర్లు ఉండాలి. వీళ్లకు 150 చాలు. బరువు 40 కిలోలకు బదులు 38 ఉన్నా సరే. అబ్బాయిలకైతే 167.6 సెంటీమీటర్ల బదులు 160 సరిపోతుంది. అంటే మనుషులంతా ఒకే కొలతలో పుట్టరన్న సంగతి నోటిఫికేషన్‌కు తెలుసు.

మరి ఎస్సై అయ్యాక నడుముకు తగిలించే పిస్టల్‌కి ఆ సంగతి తెలుసా? అసలు చిక్కంతా అక్కడే.

బూట్లకు సైజులుంటాయి. యూనిఫాం కొలత తీసి కుడతారు. టోపీకి కూడా నంబర్ ఉంటుంది. పిస్టల్ మాత్రం చాలాచోట్ల ఒకే సైజు. ఆరడుగుల మనిషికి ఇచ్చే పిస్టలే ఐదడుగుల మనిషికీ ఇస్తారు. ఫైరింగ్‌లో మార్కులు తగ్గితే "చేతిలో బలం లేదు", "భయపడుతోంది" అనే మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. చాలాసార్లు లోపం బలంలో ఉండదు, భయంలోనూ ఉండదు. పిడికి, వేలికి మధ్య ఉండే కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది.

కొడవలికి ఒక న్యాయం.. పిస్టల్‌కి ఇంకోటా?

వరి కోతలకు వెళ్లే ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది, ఎవరి కొడవలి వాళ్లదే. పక్కామె కొడవలి పట్టుకుంటే గంటలో అరచేయి బొబ్బలెక్కుతుంది. పిడి లావైతే పట్టు జారుతుంది, మరీ సన్నమైతే చేతిలో తిరిగిపోతుంది. గొడ్డలికి, పారకు కర్ర వేయించేటప్పుడు కూడా చేత్తో పట్టి చూసి, "ఇంకాస్త చెక్కు" అని వడ్రంగికి చెప్పడం ఊళ్లలో మామూలే.

క్రీడల్లో ఇదే విషయాన్ని ఏకంగా రూల్ చేసేశారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతం నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. వెయిట్‌లిఫ్టింగ్‌లో మగవాళ్ల బార్ మందం 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్ల బార్ 25 మిల్లీమీటర్లే. తేడా 3 మిల్లీమీటర్లు. పక్కనుంచి చూస్తే కంటికి ఆనదు. కానీ వంద కిలోల పైన బరువు వేళ్లకు వేలాడేటప్పుడు వేలి కొస బొటనవేలిని చుట్టి పట్టుకుంటుందా లేదా అన్నది ఆ 3 మిల్లీమీటర్ల మీదే ఉంటుంది. ఆడవాళ్లు బలహీనులని బార్‌ను సన్నం చేయలేదు. చేయి చిన్నది కాబట్టి చేశారు. ఈ రెండూ వేర్వేరు విషయాలు.

అసలు పిస్టల్ పిడి అంత లావెందుకు?

ఇక్కడ ఒక ఇంజినీరింగ్ మెలిక ఉంది. పాత తరం పోలీసులు వాడిన రివాల్వర్‌లో తూటాలు మధ్యలో తిరిగే సిలిండర్‌లో ఉంటాయి. పిడి లోపల స్ప్రింగ్, చిన్న ఇనప చట్రం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. అందుకే చెక్క పిడిని సన్నగా, లావుగా, వంపుగా.. ఎలా కావాలంటే అలా చెక్కించుకోవచ్చు.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ఆ వీలు లేదు. తూటాలుండే మ్యాగజైన్ పిడి లోపలికే దూరుతుంది. 9 ఎంఎం తూటా పొడవు దాదాపు 30 మిల్లీమీటర్లు. అది పడుకుని ఉండాలంటే మ్యాగజైన్ పెట్టె లోతు అంతకంటే ఎక్కువే కావాలి. దాని ముందు, వెనక పిడి గోడలు. తూటాలను ఒకే వరసలో పేరిస్తే పిడి పలచగా వస్తుంది కానీ తక్కువే పడతాయి. రెండు వరసల్లో జిగ్‌జాగ్‌గా పేరిస్తే ఎక్కువ పడతాయి, పిడి అడ్డంగా ఉబ్బుతుంది. అంటే పిస్టల్ డిజైన్ చేసేవాడు మొదట తూటాల పెట్టెకు చోటు చూసి, మిగిలిన దాంట్లో మనిషి చేతికి చోటు ఇస్తాడన్నమాట.

మన దేశంలో సైన్యం, పోలీసుల చేతుల్లో ఎక్కువగా కనిపించే '9 ఎంఎం ఆటో పిస్టల్ 1ఏ' సంగతే తీసుకోండి. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. దీని మూలం 1935 నాటి బ్రౌనింగ్ హైపవర్. అమెరికా డిజైనర్ జాన్ బ్రౌనింగ్ మొదలుపెడితే, ఆయన చనిపోయాక బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీలో డ్యూడోనే సేవ్ పూర్తిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ తయారుచేసిన రకం నమూనాగా మన 1ఏ వచ్చింది. మ్యాగజైన్‌లో 13 తూటాలు, రెండు వరసల్లో.

ఈ పిస్టల్‌కి న్యాయంగా ఒక మాట చెప్పాలి. 13 తూటాలు పెట్టుకుని కూడా ఇంత పొందికగా అరచేతిలో కూర్చునే పిడి ఆ కాలంలో ఇంకోటి లేదనే పేరు హైపవర్‌కి ఉంది. పైగా ఇది సింగిల్ యాక్షన్. అంటే హ్యామర్ ముందే వెనక్కి లాగి ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్ కూడా పిడికి కాస్త దగ్గరగా వచ్చి ఉంటుంది. డబుల్ యాక్షన్ పిస్టళ్లలో మొదటి షాట్‌కి ట్రిగ్గర్ ఇంకా దూరంగా ఉంటుంది, లాగడం కూడా బరువు. చిన్న చేతులకు ఆ మొదటి షాటే గండం. కాబట్టి 1ఏ పిడి మరీ చెడ్డదేం కాదు. దాంతో వచ్చిన చిక్కు వేరే.. అది ఎవరి కోసమూ మారదు.

వేలికి, ట్రిగ్గర్‌కి మధ్య ఉన్నదే అసలు కొలత

పిడి ఎంత పొడవు, ఎంత మందం అనే దానికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. పిడి వెనక భాగం నుంచి ట్రిగ్గర్ ముఖం దాకా దూరం ఎంత? షూటింగ్ భాషలో దీన్నే ట్రిగ్గర్ రీచ్ అంటారు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉండే కండ పిడి వెనక భాగానికి గట్టిగా ఆనాలి. పిస్టల్ గొట్టం, మణికట్టు, ముంజేయి దాదాపు ఒకే వరసలో ఉండాలి. అలా పట్టుకున్నప్పుడు చూపుడువేలు మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మధ్యలో పడాలి. పడిందంటే పిస్టల్ ఆ చేతికి సరిపోయినట్టే.

పడకపోతే ఏమవుతుంది? చిన్న చేయి ఉన్నవాళ్లు తెలియకుండానే పిస్టల్‌ని చేతిలో కొంచెం తిప్పి పట్టుకుంటారు, వేలు అందడానికి. వేలైతే అందుతుంది. కానీ గొట్టం ఇప్పుడు ముంజేయి వరసలో లేదు. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే బలం అరచేయి మధ్యకు కాకుండా బొటనవేలి కీలు మీదకు వస్తుంది. నాలుగు రౌండ్లకే నొప్పి. నొప్పి తెలిసిన చేయి ఐదో రౌండ్‌కి ముందే బిగుసుకుంటుంది, గురి కిందకు జారుతుంది. చూసేవాళ్లు దాన్ని 'భయం' అంటారు.

తిప్పకుండా పట్టుకుంటే ఇంకో తంటా. వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కి తగులుతుంది. కొసతో లాగితే ట్రిగ్గర్ నేరుగా వెనక్కి రాదు, పక్కకు తోసినట్టు అవుతుంది. కుడిచేతి వాటం వాళ్ల తూటాలు టార్గెట్‌కి ఎడమవైపు పడటానికి ఇదొక కారణమని ఫైరింగ్ శిక్షకులు తరచూ చెబుతుంటారు. పెద్ద చేతులున్నవాళ్లకు చిన్న పిస్టల్ ఇస్తే ఇదే తలకిందులవుతుంది. వేలు రెండో కణుపు దాకా లోపలికి పోయి, కిందనేమో చిటికెన వేలికి పట్టుకోవడానికి చోటే ఉండదు. అంటే ఇది ఆడవాళ్ల సమస్య మాత్రమే కాదు, చేతుల సమస్య.

ఎడమచేతి వాటం వాళ్ల గోడు ఇంకోరకం. 1ఏ సేఫ్టీ మీట ఎడమవైపు ఉంటుంది, కుడిచేతి బొటనవేలికి అందేలా. ఎడమచేత్తో పట్టుకున్నవాళ్లు దాన్ని నొక్కాలంటే పట్టు సడలించాల్సిందే.

సౌకర్యం ఒక్కటే కాదు.. తుపాకీ జామ్ అవుతుంది కూడా

పిడి కుదరకపోతే కాస్త ఇబ్బంది, అంతే కదా అనుకోవచ్చు. కాదు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పనిచేసే తీరులోనే చేతి పట్టు కూడా ఒక భాగం. తూటా పేలగానే పైనున్న స్లైడ్ వెనక్కి పరుగెత్తాలి, ఖాళీ తొడుగును బయటకు విసరాలి, స్ప్రింగ్ బలంతో ముందుకొస్తూ కొత్త తూటాను గొట్టంలోకి తోయాలి. ఇదంతా సరిగ్గా జరగాలంటే కింద ఫ్రేమ్ కదలకుండా నిలబడాలి. దాన్ని నిలబెట్టేది చేయి.

పట్టు వదులుగా ఉంటే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి ఊగుతుంది. స్లైడ్ పూర్తి దూరం వెళ్లలేదు. ఖాళీ తొడుగు సగంలో ఇరుక్కుని పొగగొట్టంలా నిలబడిపోతుంది. పిస్టల్ ఆగిపోయినట్టే. ఫైరింగ్ రేంజ్‌లో అయితే చేయెత్తి శిక్షకుడిని పిలవచ్చు. మావోయిస్టుల కాల్పులు చూసిన ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పనిచేసే పోలీసుకు ఆ రెండు సెకన్ల విలువ ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే పిడి మీద గరుకుతనం కూడా చిన్న విషయం కాదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం వెంబడి వేసవిలో ఉక్కపోత ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. చెమట పట్టిన చేతిలో నున్నటి పిడి చేపలా జారుతుంది. జారిన ప్రతిసారీ పట్టు మారుతుంది, పట్టు మారితే గురి మారుతుంది. మరీ ఆకురాయిలా గరుకుగా ఉంటే రోజంతా నడుముకు రాసుకుని చొక్కా చిరుగుతుంది, యాభై రౌండ్లకు అరచేయి మండుతుంది. మధ్యస్తంగా ఉండే చారల గళ్లే మేలు.

ఇంకో బాధ హ్యామర్ కాటు. పిస్టల్‌ని ఎంత పైకి పట్టుకుంటే తన్ను అంత అదుపులో ఉంటుంది. కానీ పాత డిజైన్లలో పిడి పైన వెనక తోకలాంటి భాగం పొట్టిగా ఉంటుంది. స్లైడ్ వెనక్కి వచ్చి హ్యామర్‌ని కిందకు నొక్కినప్పుడు, ఆ హ్యామర్‌కి తోకకి మధ్య చేతి కండ నలుగుతుంది. హైపవర్ కుటుంబానికి ఈ చెడ్డపేరు మొదటి నుంచీ ఉంది. విచిత్రం ఏంటంటే, ఈ ఒక్క విషయంలో కండగల పెద్ద చేతులే ఎక్కువ నలుగుతాయి!

వందేళ్ల కిందే తెలిసిన సంగతి

ఇదేమీ కొత్త జ్ఞానం కాదు. అమెరికా సైన్యం 1911లో తీసుకున్న పాయింట్ 45 పిస్టల్‌తో మొదటి ప్రపంచ యుద్ధంలోకి వెళ్లింది. సైనికుల ఫిర్యాదులు వచ్చాయి. ట్రిగ్గర్ దూరంగా ఉందని, హ్యామర్ కరుస్తోందని, గురి కిందకు పోతోందని. 1920లలో మార్పులు చేసి 1911ఏ1 తెచ్చారు. ట్రిగ్గర్ పొట్టిగా చేశారు. వేలు దూరడానికి ట్రిగ్గర్ వెనక ఫ్రేమ్‌ని రెండువైపులా గోకారు. తోకను పొడిగించారు. పిడి వెనక కింది భాగాన్ని ఉబ్బెత్తుగా చేశారు, గొట్టం కొంచెం పైకి లేచేలా. లోపలి యంత్రం దాదాపు అదే. మార్చిందల్లా చేయి తగిలే చోట్లే.

తర్వాత చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1990ల చివర్లో జర్మనీ వాల్తర్ కంపెనీ పీ99తో పిడి వెనక ముక్కను మార్చుకునే పద్ధతిని జనంలోకి తెచ్చింది. చిన్న చేయికి పలచని ముక్క, పెద్ద చేయికి లావుది. మన దేశంలో ఎన్‌ఎస్‌జీ లాంటి ప్రత్యేక దళాలు వాడే గ్లాక్ కూడా 2010లో నాలుగో తరం నుంచి ఈ బాట పట్టింది. అంతకుముందు తరాల గ్లాక్‌లు ఉన్నవాళ్లకు ఆ అవకాశం లేదు. 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న సిగ్ సాయర్ పిస్టల్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో పిడి మొత్తాన్నే చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో మార్చేయొచ్చు.

గ్లాక్ గురించి ఇంకో మాట కూడా వినిపిస్తుంది. దాని పిడి 1911 రకం కంటే కాస్త ఎక్కువ వాలి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒక రకం వాడి, ఒక్కసారిగా గ్లాక్ పట్టుకున్నవాళ్లకు గొట్టం ఆకాశం చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఇందులో ఏ వాలు మంచిదన్న వాదన కంటే చేతికి ఏది అలవాటైందన్నదే ముఖ్యం. ఆర్టీసీ డ్రైవర్‌కి బస్సు మారితే మొదటి రోజు క్లచ్ కుదరదు, అంతమాత్రాన బస్సు చెడ్డది కాదు.

ఈషా సింగ్ పిస్టల్‌కి ఉన్న స్వేచ్ఛ

చేతికి పిడి పూర్తిగా కుదిరితే ఎలా ఉంటుందో చూడాలంటే స్పోర్ట్స్ షూటింగ్ చూడాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. అందులో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం కూడా ఉంది. ఆ పోటీలో వాడేది పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్ పిస్టలే. కానీ దాన్ని చూస్తే సర్వీస్ పిస్టల్‌కి చుట్టంలా కూడా ఉండదు.

కారణం ఏంటంటే, ఈ తరహా చాలా పిస్టళ్లలో మ్యాగజైన్‌ని పిడిలోంచి తీసేసి ట్రిగ్గర్‌కి ముందు పెట్టేశారు. పిడి ఖాళీ. ఇక దాన్ని పూర్తిగా చేతి కోసమే చెక్కొచ్చు. వాల్‌నట్ చెక్క పిడిలో ఒక్కో వేలికి ఒక్కో గాడి, బొటనవేలికి మెట్టు, అరచేయి కింద సర్దుకునే అర. అది కూడా చాలక షూటర్లు ఆకురాయితో అరగదీస్తారు, చెక్క లప్పం మెత్తి ఆరబెడతారు, మళ్లీ అరగదీస్తారు. వారాలు పడుతుంది. ఒకరి పిడి ఇంకొకరి చేతిలో కుదరదు. కొడవలి సంగతే మళ్లీ.

దానికీ హద్దులున్నాయి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం పిడి మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు, మణికట్టు స్పష్టంగా బయటకు కనిపించాలి. అరచేయి కింద అర పిడికి 90 డిగ్రీల కంటే తక్కువ కోణంలో వంగకూడదు. 25 మీటర్ల పిస్టల్ మొత్తం 300, 150, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. ట్రిగ్గర్ బరువు కిలోకి తగ్గకూడదు. రూల్‌బుక్‌లోనే పిడి గురించి ఇంత పట్టింపు ఉందంటే, అది ఫలితాన్ని ఎంత మారుస్తుందో అర్థమవుతుంది.

పోలీసు పిస్టల్‌కి ఇంత హంగు కుదరదు, అది కూడా నిజమే. ఒకే పిస్టల్ ఈ ఏడాది ఒకరి దగ్గర, వచ్చే ఏడాది ఇంకొకరి దగ్గర ఉంటుంది. హోల్‌స్టర్‌లో పట్టాలి, చీకట్లో క్షణంలో బయటకు రావాలి. వేళ్ల గాడులున్న పిడి ఇక్కడ ఉపయోగం కంటే నష్టమే ఎక్కువ. గాడి తన వేలికి కుదరనివాళ్లకు అది గుట్టలా అడ్డొస్తుంది.

తేలిగ్గా ఉంటే చాలా?

2014లో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మహిళల కోసమంటూ 'నిర్భీక్' రివాల్వర్ తెచ్చింది. బరువు 500 గ్రాములు, ధర అప్పట్లో లక్షా 22 వేలు. హ్యాండ్‌బ్యాగ్‌లో పడుతుందని బాగా ప్రచారం జరిగింది. బరువు తగ్గడం మోయడానికి మంచిదే. పేల్చడానికి మాత్రం కాదు. అదే తూటా తేలికైన తుపాకీలోంచి వెళ్తే చేతికి తగిలే తన్ను పెరుగుతుంది. ఆడవాళ్ల తుపాకీ అనగానే బరువు తగ్గించడం, రంగు మార్చడం, నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి ఇవ్వడం గుర్తొస్తాయి. ట్రిగ్గర్ రీచ్ గురించి ప్రకటనల్లో ఎవరూ రాయరు.

లైసెన్స్ పిస్టల్ ఉన్నవాళ్లు ఇదంతా చదివి ఇంట్లోనే ఆకురాయి పట్టుకుని కూర్చోవడం మాత్రం తప్పు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకులు రిపేర్ చేయడం, మార్చడం లాంటి పనులకు విడిగా లైసెన్స్ ఉండాలి. పని తెలిసిన, లైసెన్స్ ఉన్న ఆర్మరర్ దగ్గరకే వెళ్లాలి. సర్వీస్ ఆయుధమైతే డిపార్ట్‌మెంట్ ఆర్మరర్ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.

విజయనగరం పోలీస్ ట్రైనింగ్ కాలేజీలోనైనా, చింతలవలస బెటాలియన్‌లోనైనా, ఇంకెక్కడైనా కొత్త పిస్టళ్లు వచ్చేదాకా చేయగలిగింది అసలే లేదా అంటే, కొంత ఉంది. పిస్టల్ ఇచ్చే ముందే, ఖాళీ అని ఇద్దరు చూసి ఖాయం చేశాక, చేతిలో పెట్టి వేలు ఎక్కడ పడుతోందో చూడటానికి నిమిషం కూడా పట్టదు. వేలు అందకపోతే ఆ సంగతి మార్కుల షీట్ కంటే ముందు శిక్షకుడికి తెలుస్తుంది. పట్టు ఎలా సర్దాలో, రెండో చేయి ఎక్కడ ఆనించాలో చెప్పొచ్చు. 1ఏ పిడికి రెండు పక్కలా ఉండే ప్యానెళ్లు స్క్రూలతో బిగించినవే. ఆర్మరర్ పలచనివి వేస్తే చుట్టుకొలత కాస్త తగ్గి వేళ్లు ఇంకొంచెం ముందుకు చేరతాయి. వెనక భాగం మాత్రం ఉక్కు ఫ్రేమ్‌లోనే భాగం. దాన్ని మార్చే దారి లేదు.